రెండు మందులు పనిచేయకపోయినా దారి ఉంది

హారతికి ముందు ఈ పది నిమిషాలు ఇచ్చిన కమిటీ పెద్దలకు కృతజ్ఞతలు.

మన ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పుకునే జబ్బు స్కిజోఫ్రెనియా. ఎవరూ లేకపోయినా మాటలు వినబడతాయి. అందరూ తనపై కుట్ర పన్నుతున్నారనిపిస్తుంది. ఇది గ్రహబాధ కాదు, పెంపకంలో లోపమూ కాదు.

సుమారు ముగ్గురిలో ఒకరికి మామూలు మందులతో తగినంత గుణం కనిపించదు. రెండు వేర్వేరు మందులు సరైన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం 6 వారాలు మానకుండా వాడినా ఫలితం లేకపోతే, డాక్టర్లు క్లోజపైన్ గురించి ఆలోచిస్తారు.

1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవారిలో కొందరు తెల్ల రక్తకణాలు పడిపోయి మరణించారు. దాంతో చాలా దేశాల్లో దీన్ని పక్కన పెట్టారు. అయితే 1988లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఇతర మందులకు లొంగని రోగుల్లో పాత మందుతో 4 శాతం మందికి, క్లోజపైన్‌తో 30 శాతం మందికి మేలు కనిపించింది. అందుకే రక్తపరీక్షల షరతుతో మళ్లీ వాడుకలోకి వచ్చింది.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష తప్పనిసరి. జ్వరమో గొంతునొప్పో వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. సిగరెట్లు మానాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి; మానగానే రక్తంలో మందు పెరుగుతుంది. రెండు రోజులు మందు తప్పితే పాత మోతాదు సొంతంగా మొదలుపెట్టకూడదు. ఉపవాసం రోజైనా మాత్ర మానకూడదు.

ఒమన్‌లో మానసిక వైద్యానికే ప్రత్యేకించిన అల్ మసర్రా ఆసుపత్రి అల్ అమెరాత్‌లో ఉంది. ఇండియాలో ఉన్నవారు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహా ఉచితంగా దొరుకుతుంది.

మరొక ముఖ్యమైన మాట. జబ్బు ముదిరాక చాలామంది టికెట్ కొని మనిషిని ఊరికి పంపేస్తారు. చేతిలో కాగితాలు ఉండవు. అక్కడి డాక్టరు మొదటి మందు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. నెలలు వృథా అవుతాయి. కాబట్టి ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాడారో ఒక నోటుబుక్కులో రాయండి. చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు అందులోనే పెట్టండి.

పూజ చేయించండి, మొక్కు తీర్చుకోండి. మందు మాత్రం ఆపకండి. అలాంటి ఇల్లు మన మధ్య ఉంటే, దూరం జరగకుండా పండక్కి పిలుద్దాం.

సర్వే జనాః సుఖినో భవంతు.