ఒక చేను - రెండు సేద్యములు

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన మన మహబూబ్‌నగర్ జిల్లా విభజింపబడి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలు వేఱుగా నేర్పడినవి. ఆ దినమున ఏ యూరును కదలలేదు. గద్వాల కోట ఉన్నచోటనే యున్నది. కృష్ణానది తన దారిని తాను పాఱినది. హద్దుల వ్రాతలు మాత్రమే మాఱినవి. కంప్యూటరులోని హార్డు డిస్కును విభజించుట యనునదియు నించుమించుగా నిట్టి కార్యమే. ఒకే యంత్రమున రెండు ఆపరేటింగు సిస్టములను నిలుపుకొనుట యెట్లు, అందు మోసపోవు తావు లెవ్వి యనునది నేటి నా ప్రసంగ విషయము.

అసలీ శ్రమ యెందులకని కొంద ఱడుగవచ్చును. విండోస్ 10కు సాధారణముగా లభించు మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతిదైన విండోస్ 11 కోరు హంగులు పాత యంత్రములలో ననేకమునకు లేవు. అంతమాత్రమున వానిని పాత సామానులవానికి తూకమునకు వేయ నక్కఱలేదు. విండోసులో మాత్రమే నడచు లెక్కల ప్రోగ్రాము దుకాణమున నొకటి యుండును; దాని నటులే యుంచుకొని, ప్రక్కనే లినక్స్ స్థాపించుకొనవచ్చును. ఈ లినక్స్ 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లాండు విద్యార్థి చేత నారంభింపబడినది. మన స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెలుగున గూడ సిద్ధపఱచిరి.

డిస్కు నొక చేనని యనుకొనుడు. ఆ చేనిలో నెవరి భాగ మెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలుపు పట్టిక యొకటి యుండును. అదియే డిస్కునకు పహాణీ. 1983లో డాస్ 2.0 తో వచ్చిన పాత పద్ధతిలో, డిస్కు మొదటనున్న 512 బైట్లలోనే యీ పహాణీ యిముడవలెను. అందు హద్దులకు దక్కినది 64 బైట్లు. భాగ మొక్కింటికి 16. కావున ప్రధాన భాగములు నాలుగే. సామాన్యముగా 2 టెరాబైట్లకు మించిన డిస్కును ఆ పట్టిక కొలువజాలదు. జీపీటీ యను క్రొత్త పద్ధతిలో సాధారణముగా 128 భాగములకు చోటు కలదు. పట్టిక నకలొకటి డిస్కు చివర భద్రముగా నుండును.

రెండు సిస్టము లున్నను, ఈ యేర్పాటులో నొకేసారి రెండును నడువవు. చెఱువు నీటివలె వంతులవారీగా నడచును. మీట నొక్కగానే గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము తూమువద్ద నీరటివలె నిలిచి, ఇప్పు డెవరి వంతని యడుగును. మనము చూపినదానికి యంత్రమును వదలును.

ఇక నా యనుభవము. మా యమ్మ పాడిన తిరుగటి పాటలు ఇరువది మూటిని ఆమె యున్నప్పుడు రికార్డు చేసి, విడిగా నుండు డిస్కులో దాచితిని. వేఱు నకలు తీయలేదు. ఆమె పోయిన మరుసటి సంవత్సరము, వనపర్తిలో మా యింట నొక సాయంకాలము, లినక్స్ పెట్టుకొను నుత్సాహమున కూర్చుంటిని. తెరపై రెండు డిస్కుల పేర్లును ఒక్క యక్షరము తేడాతో నుండెను. పరిమాణము చూడక, పేరు చూచి, పాటల డిస్కు భాగమును చెఱిపివేసితిని. తెలిసినంతనే ఊరకుండవలసినవాడను, కంగారుతో దానిలో క్రొత్త భాగ మొకటి కల్పించి, కొన్ని ఫైళ్లు దానిలోనికి నకలు చేసితిని. పాటలు కనబడలేదు.

నాగర్‌కర్నూలున నున్న మేనల్లునికి ఫోను చేసితిని. వాడు క్షణమాగి, "మామా, ఇంగ దేన్నీ ముట్టకు. పహాణీ చినిగింది గని చేను యాడికి పోలె" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఉదయపు బస్సునకు వచ్చి, టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనముతో డిస్కు నంతయు వెదకించి, పాత భాగము హద్దులను పట్టించి, పాటలను మఱియొక డిస్కునకు చేర్చెను. ఇరువదియొకటి పలికినవి. రెండు పలుకలేదు. నేను కంగారున వ్రాసిన ఫైళ్లు వానిపైననే కూర్చున్నవి. మొదటి పాట విని వాడు "అమ్మమ్మ" అని మాత్రమే యనెను.

శ్రోతలారా, భాగమును చెఱిపినప్పుడు పోవునది మొదట హద్దు వ్రాత మాత్రమే. సొమ్ము పోవునది దానిపై మఱల వ్రాసినప్పుడు. అయితే ఎస్‌ఎస్‌డీ యను క్రొత్త జాతి డిస్కులు చెఱిపిన తావును తామే యూడ్చివేయుట కలదు. వాని విషయమున నీ యాశ పెట్టుకొనరాదు.

కావున విభజనకు ముందు ముఖ్యమైనవానిని వేఱొక డిస్కునకు నకలు చేసి, ఆ నకలు తెఱచుకొనుచున్నదో లేదో చూచుకొనుడు. నకలు తీసిన పిదప ఆ డిస్కును యంత్రమునుండి ఊడదీయుడు. డిస్కును పేరుతో గాక పరిమాణముతో గుర్తింపుడు. విండోస్ భాగమును విండోస్ చేతనే తగ్గింపుడు. 500 గిగాబైట్లలో నొక 100 లినక్సునకు సాధారణముగా చాలును. విండోసులో ఫాస్ట్ స్టార్టప్ అను నేర్పాటు ఉన్నచో ఆపివేయుడు. అది యున్నంతకాలము విండోస్ నిజముగా నిద్రించదు, సగము కన్ను తెఱచియుండును. బిట్‌లాకర్ తాళము పెట్టియున్నచో, దాని రికవరీ కీని కాగితముపై వ్రాసికొనుడు. భాగములు జరుపుచుండగా కరెంటు పోకుండ చూచుకొనుడు.

అంతయు ముగిసిన పిదప, లినక్సునుండి విండోసునకు మరలినప్పుడు గడియారము అయిదున్నర గంటలు వెనుక చూపిన భయపడవలదు. యంత్రములోని గడియారమున లినక్స్ ప్రపంచ కాలమును వ్రాయును. విండోస్ దానినే మన కాలమని చదువును. ఒక యమరికతో సరిపడును.

నా పాటల నకళ్లు నేడు మూడున్నవి. ఒకటి నా యింట, ఒకటి నాగర్‌కర్నూలున మేనల్లునివద్ద, ఒకటి గద్వాలలో మా చెల్లెలివద్ద. ఆ పలుకని రెండు పాటలలో నొకదాని మొదటి చరణము మా చెల్లెలికి నోటికి వచ్చును. రెండవదాని పల్లవియు మా కెవరికిని గుర్తులేదు. మీ యింట నట్టివి యేమున్నను, హద్దు రాళ్లు కదల్పక మున్నే, ఈ రాత్రియే నకలు తీసికొనుడని నా మనవి.