పుట్టుకయే నేరమా?



మృచ్ఛకటికమున శర్విలకుఁడను దొంగ కలఁడు. అతఁడు వేదవేత్తయగు బ్రాహ్మణుని కుమారుఁడు. చారుదత్తుని యింటికిఁ గన్నము వేయఁబోయి, కొలత్రాడు మఱచివచ్చుటచే జన్నిదముతోనే గోడ కొలిచినాఁడు. ఈ ఘట్టమును నేను పాఠము చెప్పునపుడెల్ల విద్యార్థులు నవ్వెడివారు. ఆ నవ్వులో నొక ధర్మసూక్ష్మము కలదు: చౌర్యమునకుఁ గులము లేదు.

మన దేశమున శాసనమే యీ సూక్ష్మమును మఱచినది. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టము చేసెను. 1911 నాటి చట్టముతో నది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎఱుకలవారు పూర్వము ఎద్దులమీఁదను, గాడిదలమీఁదను ఉప్పును, ధాన్యమును వేసికొని యూరూరఁ దిరిగి యమ్ముకొనువారు. రైలుమార్గములు పడఁగా నా వర్తకము క్షీణించెను. బ్రదుకుతెరువు పోయినవారిని సర్కారు నేరస్థుల జాబితాలోనికెక్కించి, వ్రేలిముద్రలు గొని, బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము వంటి సెటిల్‌మెంట్లలో నుంచెను. అనుమతి లేక పొలిమేర దాటుటయే నేరమయ్యెను.

నేరమును ఋజువు చేయు భారము అభియోగము మోపినవారిదని న్యాయశాస్త్రము. ఇచ్చటనో, విచారణకు ముందే శిక్ష పడినది. తొట్టెలలోని శిశువునకును దొంగయను పేరు వచ్చినది.

ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కాని చట్టము పోయినంతనే చూపు మాఱదు. నేఁడు తరగతిలోఁ గలము పోయినచో మొదట నెవని సంచి వెదకుదుమో ఉపాధ్యాయులు తమ్ముఁ దాము ప్రశ్నించుకొందురు గాక. దొంగను పట్టుఁడు, విచారింపుఁడు, దండింపుఁడు. వాని తమ్ముని మాత్రము బడికి రానిండు.