రాత్రి సీసా, పొద్దున వేలిముద్ర



రాత్రి తాగితే పొద్దున తల ఎందుకు పగిలిపోతుంది? మద్యంలో ఉండేది ఇథనాల్. కాలేయం దాన్ని ముందు అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది. ఆ తర్వాతే దాన్ని హాని లేని అసిటేట్‌గా మారుస్తుంది. ఈ పని కాలేయం తన వేగంతోనే చేస్తుంది. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా ఆ వేగం పెరగదు. ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్‌ను మద్యం తగ్గించేస్తుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, నోరు ఎండిపోవడం. నిద్రపోయినా అది మంచి నిద్ర కాదు. రక్తంలో మద్యం పోయాక కూడా ధ్యాస కుదరదు. పొద్దున్నే ఇంకో గుక్క వేస్తే నొప్పి పోదు, వాయిదా పడుతుందంతే. ఇక కల్తీ సారాలో మిథనాల్ ఉంటే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు.

ఎవరి ఒంట్లోనైనా జరిగేది ఇదే. "ఆదివాసీలు పుట్టు తాగుబోతులు" అనే మాట సైన్స్ కాదు, నింద. ఇప్పసారా అయినా, బెల్టుషాపు సీసా అయినా కాలేయానికి ఒక్కటే. కానీ పండక్కి పెద్దలకు సాక పోయడం మన ఆచారం, రోజూ అప్పు మీద తాగించడం వాళ్ల వ్యాపారం.

రేపు గ్రామసభ అనగా ఈ రాత్రి ఎవరైనా ఊరికే సీసాలు పంచితే ఎందుకో ఆలోచించండి. బరువెక్కిన తలతో కాగితం చదవలేం. వేలిముద్ర మాత్రం పడిపోతుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 పెసా చట్టం చెప్పింది. ఆ అధికారం వాడుకుందాం. సభకు తేలిక తలతో వెళ్దాం.

జై ఆదివాసీ!