మాయాలోకంలో మన వాడ ఎక్కడ?
(సికింద్రాబాద్‌లో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

భూములు, కూలిరేట్లు, కేసుల గురించి మాట్లాడుకునే సభలో మంత్రగాళ్ల నవలల ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. మేం బడిపంతుళ్లం. హాస్టల్లో మన పిల్లలు దుప్పటి కప్పుకొని ఏం చదువుతున్నరో మాకు తెలుసు. అందుకే ఈ సెలవుల్లో మేమూ అవే చదివాం.

మొదట దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు. 1954లో 'తోకచుక్క'తో చందమామలో మొదలైనవి. ఈ సికింద్రాబాద్ తార్నాకలోనే ఉన్న 'మంచి పుస్తకం' వాళ్లు వాటిని పుస్తకాలుగా తెచ్చారు. అబద్ధమెందుకు, చేతపడితే కింద పెట్టబుద్ధి కాలేదు. 'ముగ్గురు మాంత్రికులు'లో పింగళుడు రాజకుమారుడు కాదు, చేపలు పట్టి బతికేవాడు. వల పట్టిన చెయ్యే మాంత్రికుల్ని ఎదిరిస్తది. అందుకు దాసరి గారికి దండం పెట్టాలి. కానీ మొత్తం మీద మేం చదివిన ఇలాంటి కథల్లో లెక్క తీస్తే ఏం తేలింది? జంతువులు మాట్లాడతాయి. మనుషులు గాలిలో ఎగురుతారు. ఏదైనా జరగొచ్చు. ఊరి చివరి వాడ నుంచి ఒక్కడు లేచి కథానాయకుడు కావడం మాత్రం జరగదు! నల్లటి ఒళ్లు, చింపిరి జుట్టు కనపడితే వాడు రాక్షసుడే.

తర్వాత రౌలింగ్ రాసిన హ్యారీ పోటర్. 1997 నుంచి 2007 దాకా ఏడు పుస్తకాలు. అందులో మంత్రం రాని తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల్ని 'మురికి రక్తం' అని తిడతారు. మా ఏడో తరగతి పిల్ల ఒకతె, "సార్, వాళ్లకు కూడా కులముందా?" అని అడిగింది. ఏం జవాబు చెప్పాలి?

అందులోనే ఇంటిచాకిరీ చేసే ఎల్ఫ్‌లుంటారు. జీతం లేదు, కట్టుకోను బట్ట లేదు. యజమాని బట్ట ఇస్తేనే విడుదల. డాబీ ఒక్క మేజోడుతో బయటపడతాడు. వాళ్ల కోసం హెర్మయొనీ సంఘం పెడితే స్నేహితులే నవ్వుతారు. "వాళ్లకు చాకిరీ ఇష్టం" అంటారు. "మా జీతగాడు మా ఇంటి మనిషే" అన్న దొరల మాట గుర్తు రాలేదా? యుద్ధం గెలిచినంక కూడా, క్రీచర్ తినడానికేమైనా తెస్తాడేమోనని హ్యారీ అనుకుంటాడు. రాక్షసరాజ్యం కూలింది, వెట్టి మిగిలింది!

మూడోది 'కిండ్రెడ్', 1979లో వచ్చింది. రాసింది నల్లజాతి అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్. ఆమె తల్లి ఇళ్లల్లో పనిమనిషి. 1976లో బతుకుతున్న డానా అనే నల్లజాతి యువతి, తెలియని శక్తి ఏదో లాగితే బానిసల కాలంలో పడుతుంది. కొరడా దెబ్బలు తింటుంది. చివరిసారి తిరిగొచ్చేటప్పుడు ఒక చెయ్యి పోతుంది. బాధపడ్డవాళ్ల బిడ్డ రాస్తే మాయ కూడా నిజం చెప్తది.

మరి మనకు కథల్లేవా? డక్కలివాళ్లు జాంబపురాణం చెప్పలేదా? భూమి పుట్టక ఆరు నెలల ముందే మన జాంబవుడు పుట్టాడని మన తాతలు అనలేదా? ఇంతకంటే పెద్ద ఊహ ఏ నవలలో ఉంది? అది మన ముసలోళ్లతోనే మట్టిలో కలిసిపోతున్నది.

అందుకే అడుగుతున్నాం. పిల్లల చేతిలోని పుస్తకం గుంజుకోకండి. చదవనివ్వండి. పక్కన కూర్చొని "ఇందులో మనోళ్లు ఎక్కడున్నరు?" అని అడగండి. లేరంటే, నోటుపుస్తకం చేతికిచ్చి "నువ్వే రాయి" అనండి.

జై భీమ్!