మట్టి చెప్పే సాక్ష్యం



కోలారు బంగారు గనులనగానే అందరికీ స్ఫురించేవి పాతాళాన్ని తాకే సొరంగాలు. ఆ కథ ఆరంభమైనది మాత్రం పైమట్టితోనే. 1802లో మైసూరు సరిహద్దుల సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, అక్కడ బంగారమున్నదన్న జనశ్రుతి విని, చూపినవారికి బహుమానం ప్రకటించాడు. గ్రామస్థులు బండ్లతో మట్టి తెచ్చి, అతని ఎదుటనే కడిగి, అడుగున మెరసిన రేణువులను చూపారు. చరిత్రలో నిలిచినది వారెన్ పేరు. నేల గుట్టు తెలిసిన చేతులు ఆ గ్రామస్థులవి.

నేటి ఖనిజాన్వేషణకూ మూలమదే. అనుమతి పొందిన భూమిపై వరుసలు గుర్తించి, 25 లేక 50 మీటర్లకొక గుంట తీస్తారు. ఆకులు కుళ్ళిన పైపొరను తొలగించి, దాని క్రిందనున్న మట్టిని అరకిలో వరకు సంచిలో పోస్తారు. సంచిపై అంకె వేసి, చోటు, లోతు, రంగు పుస్తకంలో వ్రాస్తారు. ఆరబెట్టి జల్లించిన మట్టి ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడ లెక్క నూరు కోట్ల భాగాలలో ఒక భాగం చొప్పున; అంటే టన్ను మట్టిలో ఒక మిల్లీగ్రాము! అందుకే నమూనా తీసేవారు ఉంగరాలు, గాజులు ముందుగా తీసివేయాలి. ఒంటిమీది బంగారం రాసుకుంటే, లేని గని ఉన్నట్లు తోస్తుంది. కోలారులో 2001లో గనులు మూతపడినా సైనైడు దిబ్బలు మిగిలాయి. వాటి ధూళి పడిన పైమట్టి దిబ్బ కథనే చెబుతుంది గాని, అడుగు రాతి కథను చెప్పదు.

ఈ సంచులు నింపే పని తరచుగా స్థానిక యువకులదే. 1ని 7లాగా వ్రాయడం ఉపాధ్యాయులకు చిరపరిచితమైన పొరపాటు. పరీక్షలో దానివల్ల ఒక మార్కు పోతుంది. ఇక్కడ కందకమే వేరొక చోట త్రవ్వబడుతుంది.

అంకె సరియైనా చిక్కు తీరదు. వర్షాలకు మట్టి పల్లానికి జారుతుంది గనుక, బంగారపు జాడ ఒకచోట, రాతిలోని పొర ఎగువన మరొకచోట ఉండవచ్చు. అది తేల్చడానికే కందకం. పొర సాగే దిశకు అడ్డంగా, గట్టి రాయి తగిలేదాకా త్రవ్వి, మీటరు మీటరుకు రాతి చెక్కులు సమానంగా తీస్తారు. మెరిసే ముక్కలనే ఏరితే ఫలితం ఘనంగానే వస్తుంది, కాని అది అబద్ధం. సున్న వచ్చిన సంచినీ అదే శ్రద్ధతో వ్రాయాలి; నిజానికి ఎక్కువ సంచులకు వచ్చేది సున్నయే. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో నమూనాలలో బంగారం కలిపిన మోసం 1997లో బయటపడేసరికి, నమ్మి సొమ్ము పెట్టిన వేలమంది నష్టపోయారు.

ఇక ప్రాణభయం సంగతి. ఛాతీ లోతు దాటిన కందకపు గోడలు క్షణంలో కూలవచ్చు. మెట్లుగా త్రవ్వనిదే, ఆసరా కట్టనిదే లోపలికి దిగరాదు. పిల్లలు, పశువులు పడకుండా చుట్టూ దడి కట్టాలి. పని ముగియగానే పూడ్చాలి. త్రవ్వేటప్పుడే పైమట్టిని వేరుగా పోగుచేసి, చివరకు మళ్ళీ పైననే పరచాలి. ఆ వరుస తప్పితే అక్కడ గడ్డి సరిగా మొలవదు. ఆ సంగతి అందరికంటె ముందు పశువుల కాపరికి తెలుస్తుంది.