అమ్మ కాలు మిషన్ కేజీల లెక్కన ఇచ్చేద్దామా?

అమీర్‌పేట అంటే మైత్రీవనం, జావా, పైథాన్ బోర్డులు, హాస్టళ్లు. ఈ ఎపిసోడ్‌లో ఫీజు లేని కోర్సు ఒకటి చెప్తా. మీ ఇంట్లో ఓ మూలన, పైన ఇస్త్రీ బట్టలు కుప్పేసి ఉంటుంది చూడండి, ఆ కాలితో తొక్కే కుట్టుమిషన్.

పంజాగుట్టలో మేం చిన్న ఇంటికి మారేటప్పుడు నాన్న, "ఇది ఎక్కడ పెడతాం, పాత ఇనుముకి ఇచ్చేద్దాం" అన్నారు. అమ్మ ఏం మాట్లాడలేదు. వీధిలోవాళ్ల చీరలకి ఫాల్స్, జాకెట్లు కుట్టి నా కోర్సు ఫీజులో సగం కట్టింది దాని మీదే. నేను వద్దన్నాను. "అయితే నువ్వు నేర్చుకోరా, ఊరికే ఉంచడానికి కాదు" అంది అమ్మ.

మిషన్ల సంగతి చాలా పాతది. అమెరికాలో సింగర్‌కి పేటెంట్ వచ్చింది 1851లో. మన ఉషా 1930ల్లో కలకత్తాలో మొదలైంది. యంత్రాలంటే అంతగా పడని గాంధీగారు కూడా కుట్టుమిషన్‌ని మాత్రం మినహాయించారు.

సరే, అసలు విషయం. మొదట దారం ఎక్కించొద్దు. రూళ్ల నోట్‌బుక్ కాగితం పెట్టి, పాత సూదితో గీత మీదే తొక్కండి. చేతి చక్రం మీ వైపుకి తిప్పి స్టార్ట్ చేయాలి. వెనక్కి తిరిగిందా, దారం ఉన్నప్పుడు టప్‌మని తెగిపోద్ది. పాదాలు రెండూ పలక మీద, ఒకటి కాస్త ముందు. మునివేళ్లు, మడమ, మునివేళ్లు, మడమ... ఊయల ఊపినట్టు. కింద చక్రం పెద్దది, పైది చిన్నది కాబట్టి ఒక్క తొక్కుకి నాలుగైదు కుట్లు పడతాయి. నాకు మూడు రోజులు కాగితాలే. నాలుగో రోజు దిండు గలీబు.

మోటారు పెట్టుకోవచ్చు కదా అంటారా? పెట్టుకోండి, తప్పేం లేదు. కానీ కొత్తవాళ్లకి కాలే మంచి బ్రేకు. జీన్స్ అంచు మడత దగ్గర మందం వస్తే తొక్కడం ఆపి, చక్రం చేత్తో ఒక్కో కుట్టు తిప్పుతా. సూది విరగదు. 16 నంబరు సూది వాడండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు పైదారం, బాబిన్ దారం రెండూ వెనక్కి లాగి పట్టుకోండి. లేకపోతే కింద పిచ్చుక గూడే.

అన్నీ అవుతాయని చెప్పను. ఇది తిన్నగా మాత్రమే కుడుతుంది. పీకోకి షాపుకే పోవాలి. సాగే టీషర్టుకి తిన్న కుట్టు వేస్తే లాగగానే పట్‌మంటుంది.

మొన్న నాన్న లుంగీ కుట్టమని నాకే ఇచ్చారు. మూత వేశాక దాని మీదే లాప్‌టాప్ పెట్టుకుంటున్నా, ప్లేసు ప్రాబ్లం కూడా పోయింది.

చివరిగా, కొబ్బరినూనె పొయ్యకండి, జిడ్డుగా గడ్డకడుతుంది. మిషన్ ఆయిలే, చుక్క చుక్క. తోలు బెల్టు జారుతుంటే కొక్కెం తీసి కాస్త కత్తిరించి మళ్లీ తగిలించండి, కొత్తది కొనక్కర్లేదు.