ఫ్లూ టీకా: సలహా సరే, హక్కు మాటేమిటి?

(ఆరోగ్య హక్కులపై స్త్రీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్లూ అనగానే జలుబూ జ్వరమే కదా, నాలుగు రోజులకు అదే పోతుంది అనుకోవటం మనకు అలవాటు. చాలామందికి అలాగే పోతుంది కూడా. కాని 2015లో మన దేశంలో స్వైన్ ఫ్లూ కేసులు 42 వేలు దాటాయి, దాదాపు 3 వేల మంది చనిపోయారు. గర్భిణులకు, వృద్ధులకు, పసిపిల్లలకు, ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఫ్లూ ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు టీకా సంగతి చూద్దాం. ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కనుక టీకా ఏటా వేయించుకోవాలి. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ పెరుగుతుంది. టీకా పనిచెయ్యటానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో వేయించుకోవటం మేలు. సూదితో ఇచ్చే టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. ఇదివరకు ఇదే టీకా తీవ్రంగా పడనివాళ్ళు వేయించుకోకూడదు. వేయించుకున్నా కొందరికి ఫ్లూ వస్తుంది, కాని జబ్బు ముదిరే ప్రమాదం తగ్గుతుంది. గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఆరు నెలల లోపు బిడ్డకు ఈ టీకా వెయ్యరు. తల్లి నుంచి వచ్చే రక్షణే ఆ బిడ్డకు దిక్కు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో గర్భిణులకు మొదటి ప్రాధాన్యం ఇమ్మంది. మన కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు కూడా గర్భిణులకు, ఆరోగ్య సిబ్బందికి ఈ టీకాను సిఫారసు చేశాయి. కాని ప్రభుత్వం దేశమంతటా ఉచితంగా ఇచ్చే సార్వత్రిక టీకాల జాబితాలో ఫ్లూ టీకా లేదు. ప్రైవేటులో ఒక్క డోసు కొనాలంటే కూలిపని చేసే స్త్రీకి కొన్ని రోజుల సంపాదన పోతుంది. డబ్బున్నవాళ్ళకే అక్కరకొచ్చే సలహాను ప్రజారోగ్యం అనగలమా?

రెండో ప్రశ్న: ఆరోగ్య సిబ్బంది అంటే ఎవరు? ఐసీయూలో, ఐసొలేషన్ వార్డులో పనిచేసేవాళ్ళు సరే. ఆ వార్డునే ఊడ్చి, తుడిచి, మలమూత్రాలు ఎత్తే కాంట్రాక్టు కార్మికురాలు? జ్వరాల సర్వేకు ఇంటింటికీ తిరిగే ఆశా? పేరుకు ఆమె స్వచ్ఛంద కార్యకర్త. పని చేయించుకునేటప్పుడు సిబ్బంది, రక్షణ ఇవ్వవలసి వచ్చినప్పుడు స్వచ్ఛంద సేవకురాలు! సేవ స్త్రీల సహజ గుణం అనే భావజాలం పనిచేసేది ఇక్కడే. ఆమెకు సోకితే ఆమె ఒక్కతే కాదు, ఆమె చూడబోయే బాలింతా, పసిగుడ్డూ ప్రమాదంలో పడతారు.

టీకా కావాలని అడుగుతున్నామంటే బలవంతాన్ని ఒప్పుకున్నట్టు కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో ఏం జరిగిందో మనం మరిచిపోలేదు. హాస్టళ్ళలో ఉన్న బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ అధ్యయనాన్ని నిలిపివేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఫ్లూ టీకా వేరు, దాని భద్రతకు దశాబ్దాల అనుభవం ఉంది. అయినా సూత్రం ఒక్కటే. తన భాషలో వివరం విని, ప్రశ్నలు అడిగి, వద్దనుకుంటే వద్దనే హక్కు ప్రతి స్త్రీకీ ఉండాలి. వద్దన్నందుకు ఉద్యోగం పోకూడదు.

టీకా ఒక్కటే చాలదు కూడా. జ్వరంతో ఉన్న ఆయా కూలి పోతుందని వార్డుకు వస్తే అక్కడ రోగులకు రక్షణ ఏది? జీతం నష్టపోకుండా సెలవు ఇవ్వటం కూడా ఫ్లూ నివారణే.

కనుక మార్చి నెలలోనే మీ ప్రాంతంలోని పీహెచ్‌సీకి, జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా ఈ ప్రశ్నలు వెయ్యండి. ఈ ఏడు ఎన్ని డోసులు తెప్పిస్తున్నారు? జాబితాలో ఆశాలు, ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారా? గర్భిణులకు ఉచితంగా ఇస్తారా? టీకా వివరాలు తెలుగులో ఇస్తారా? దుష్ఫలితం కలిగితే వైద్యం ఖర్చు ఎవరిది? వచ్చిన జవాబులను సంఘం సమావేశంలో అందరిముందూ చదవండి. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతే చదవండి. వానలు మొదలయ్యాక అడిగితే ఆ ఏడాదికి చాలావరకు ఆలస్యమైపోతుంది.